చేయి నాజూకవుతుంది... గీత మిగులుతుంది!

జడ వేసుకుందామని చేతులెత్తితే భుజం కింద చర్మం సంచిలా వేలాడుతుంది. ముప్ఫై, నలభై కిలోలు తగ్గినవారిలో, ముఖ్యంగా బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నవారిలో ఇది ఎక్కువ. డంబెల్స్ ఎత్తితే కండ గట్టిపడుతుందే తప్ప, అంతగా సాగిన చర్మం మళ్లీ బిగుసుకోదు. అందుకే కొందరు 'బ్రేకియోప్లాస్టీ' చేయించుకుంటున్నారు.

చర్మం బిగువుగానే ఉండి కొవ్వు మాత్రమే ఎక్కువైతే లైపోసక్షన్ సరిపోవచ్చు. చర్మమే జారితే కోత తప్పదు. మత్తు ఇచ్చి, అదనపు చర్మాన్నీ కొంత కొవ్వునూ తీసేసి కుట్లు వేస్తారు. రెండు మూడు గంటల పని.

అసలు విషయం మచ్చ. చాలామందిలో అది చంక నుంచి మోచేతి దాకా ఉంటుంది. మొదటి నెలల్లో ఎర్రగానో నల్లగానో, ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. పాలిపోవడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పూర్తిగా మాత్రం పోదు. స్లీవ్‌లెస్ జాకెట్టు ముచ్చటతో వెళ్లేవారికి ఈ సంగతి ముందే తెలియాలి కదా! చెవి కుట్టించుకున్నచోట గడ్డ కట్టినవాళ్లు ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి. వారికి ఇక్కడా కెలాయిడ్ రావచ్చు.

ఇంటికొచ్చాక వాపు, నొప్పి, బిగుతు మామూలే. కొన్ని వారాలపాటు చేతులకు బిగుతు తొడుగులు వేసుకోవాలి. ఆఫీసు పనికి వారం, రెండు వారాల్లో వెళ్లొచ్చు. నీళ్ల బిందె ఎత్తడం, పిల్లల్ని చంకనేసుకోవడం మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు కుదరదు. ఇంట్లో సాయానికి ఎవరున్నారో ముందే చూసుకోవాలి. చంక దగ్గర కుట్లు కాస్త విడటం, ముంజేయి మొద్దుబారడం కొందరిలో కనిపిస్తాయి. జ్వరం, చీము, ఒక చేయి ఉన్నట్టుండి వాయడం, ఆయాసం... వీటిలో ఏదున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బరువు కనీసం ఆరు నెలలైనా నిలకడగా ఉన్నాకే ఆపరేషన్ మంచిది. మధుమేహం అదుపులో ఉండాలి, పొగతాగే అలవాటుంటే మానాలి. రొమ్ము క్యాన్సర్‌కు చంకలో గ్రంథులు తీయించుకున్నవారికి చేయి వాచే ముప్పుంది. వారు ఆ వైద్యుణ్ని అడగకుండా ముందుకెళ్లకూడదు. అందం కోసం చేసే ఆపరేషన్లకు ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు.

గీత ఎక్కడ పడుతుందో సర్జన్‌ను ముందే పెన్నుతో గీసి చూపమనొచ్చు. వేసుకోవాలనుకున్న జాకెట్టు తొడుక్కుని అద్దంలో చూసుకుంటే, అది ఎంత మేర కనిపిస్తుందో తెలుస్తుంది.