పళ్లెంలో లెక్క: ఇన్సులిన్ బడిలో ఐదు రోజులు

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్న ఆ ఆరేడుగురిలో ఎవరూ వెంటనే తినరు. పళ్లెంలోని బంగాళాదుంపల వంక, బ్రెడ్డు ముక్క వంక చూసి వాటిలో పిండిపదార్థం ఎన్ని గ్రాములుంటుందో ఒక్కొక్కరూ అంచనా కడతారు. పక్కవాళ్ల అంచనాతో పోల్చుకుంటారు. పక్కనే ఉన్న డైటీషియన్ తప్పొప్పులు దిద్దుతారు. అప్పుడు ఎవరికి వాళ్లు మోతాదు తేల్చుకుని, ఇన్సులిన్ సూది వేసుకుని తినడం మొదలుపెడతారు. బ్రిటన్‌లో టైప్ 1 మధుమేహం ఉన్న పెద్దల కోసం నడిచే ‘డాఫ్నే’ తరగతుల్లో ఇది మామూలు దృశ్యం. సోమవారం మొదలై శుక్రవారం ముగిసే బడి అది.

‘డోస్ అడ్జస్ట్‌మెంట్ ఫర్ నార్మల్ ఈటింగ్’ అన్న మాటలకు పొట్టిపేరు డాఫ్నే. అందరిలాగే తింటూ, తిన్నదాన్ని బట్టి మోతాదు మార్చుకోవడం దీని పద్ధతి. అంతకుముందు చాలా ఏళ్లు ఇందుకు పూర్తిగా తలకిందుల పద్ధతి నడిచింది. మోతాదు ముందే ఖాయమైపోయేది, మనిషే దానికి తగ్గట్టు తినాలి. ఆకలి లేకపోయినా వేళకు తినాలి, ఇంకా ఆకలిగా ఉన్నా చేయి కడుక్కోవాలి.

టైప్ 1లో శరీర రక్షణ వ్యవస్థ పొరబడి క్లోమంలోని బీటా కణాలను నాశనం చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న క్లోమం రోజంతా కొద్దికొద్దిగా ఇన్సులిన్ వదులుతుంది, కడుపులో తిండి పడగానే ఒక్కసారిగా ఎక్కువ వదులుతుంది. ఆ కణాలు పోయాక ఆ పని మనిషి తన బుర్రతో చేసుకోవాలి. నిదానంగా పనిచేసే ఇన్సులిన్ రోజంతటికీ ఆధారంగా ఉంటుంది, త్వరగా పనిచేసేది భోజనానికి ముందు వేసుకోవాలి. డాఫ్నే లెక్కలో 10 గ్రాముల పిండిపదార్థం ఒక భాగం. భాగానికి ఒక యూనిట్ అనుకుని మొదలుపెట్టి, రోజూ చేసుకునే రక్తపరీక్షలను బట్టి ఎవరి నిష్పత్తి వాళ్లు కనుక్కుంటారు. ఒకే మనిషికి ఉదయం ఒకలా, రాత్రి ఒకలా ఉండొచ్చు.

ఈ చదువు పుట్టింది జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్‌లో. మైకేల్ బెర్గర్, ఇంగ్రిడ్ మ్యూల్‌హౌజర్ల బృందం దీన్ని తీర్చిదిద్ది, రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో కూడా పరీక్షించి 1987లో ఫలితాలు ప్రకటించింది. బ్రిటన్‌కు చేరడానికి ఇంకో పదేళ్లకు పైగా పట్టింది. అక్కడ మూడు కేంద్రాల్లో 169 మందితో పరీక్ష చేశారు. సగం మందికి వెంటనే తరగతులు పెట్టారు, మిగతావాళ్లు ఆరు నెలలు ఆగారు. రెండు మూడు నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బిఏ1సి, ఆరు నెలలకు తరగతులకు వెళ్లినవాళ్లలో 8.4 శాతం, ఎదురుచూస్తున్నవాళ్లలో 9.4 శాతం. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2002లో దీన్ని ప్రచురించింది. అదే పరీక్షలో, నచ్చింది తినే స్వేచ్ఛ పెరిగిందని కూడా రోగులు చెప్పారు.

అంకెలు చెప్పని సంగతులను ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకురాలు జూలియా లాటన్ బృందం రోగుల నోటినుంచే విన్నది. కోర్సు పూర్తిచేసిన 30 మందితో వెంటనే, ఆరు నెలలకు, ఏడాదికి మాట్లాడారు. వాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి సూది వేసుకుంటున్నవాళ్లే. అయినా మోతాదును తామే మార్చుకోవచ్చని తెలియక, అలవాటైన యూనిట్లే వేసుకుంటూ వచ్చారు. బాగానే చూసుకుంటున్నామని నమ్మారు, కాదని ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లు ఆస్పత్రి మెట్లెక్కి దిగిన మనిషికి ఈ ముక్క తెలియకపోవడం ఆ మనిషి తప్పు కానే కాదు. పది నిమిషాల సంప్రదింపులో ఇంత చదువు పట్టదు. పదిమంది మధ్య కూర్చుంటే మాత్రం పడుతుంది: ఒకరి చీటీలోని షుగరు అంకెలు చూసి అందరూ కలిసి కారణం వెతుకుతారు, పక్కవాడి తప్పులో తన తప్పు కనిపిస్తుంది.

అయితే స్వేచ్ఛతోపాటు కొత్త చాకిరీ కూడా వచ్చింది. ఏదైనా తినొచ్చని నేర్చుకున్నవాళ్లలో కొందరు, లెక్క తప్పుతుందన్న భయంతో, గ్రాములు అచ్చువేసి ఉన్న ప్యాకెట్ తిండికి మళ్లారు. మన వంటింట్లో ఈ చిక్కు ఇంకా పెద్దది, చారన్నానికి లేబుల్ ఉండదు కదా. వంద గ్రాముల పచ్చి బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. ఉడికేటప్పుడు నీళ్లు పీల్చుకుని బరువు రెండున్నర, మూడు రెట్లవుతుంది కాబట్టి, వంద గ్రాముల అన్నంలో అది సుమారు 30 గ్రాములకు దిగుతుంది. పచ్చి బియ్యం లెక్క చూసి అన్నానికి ఇన్సులిన్ వేసుకుంటే మోతాదు రెండింతలు దాటిపోతుంది, షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. ఇలాంటి లెక్కలకు మన దేశంలో ఆధారం హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార విలువల పట్టికలు. అయితే వాటి నిండా ఉన్నవి ఎక్కువగా వండని సరుకులే. పులిహోరగా, ఇడ్లీగా మారాక ఎంతన్నది ఇంట్లో తూకం పెట్టి తేల్చుకోవాలి, అదీ డాక్టరు, డైటీషియన్ల అండతోనే.

షుగరు పడిపోవడం ఇన్సులిన్ వాడేవాళ్లను వెంటాడే భయం. ముచ్చెమటలు, వణుకు ముందుగా హెచ్చరిస్తాయి. పదేపదే పడిపోతుంటే ఆ హెచ్చరికలే మొద్దుబారిపోతాయి. బ్రిటన్‌లో డాఫ్నే పూర్తిచేసినవాళ్ల వివరాలను 2012లో ప్రచురించారు. పక్కవాళ్ల సాయం లేనిదే తేరుకోలేని తీవ్రమైన ఘటనలు మనిషికి ఏడాదికి సగటున 1.7 నుంచి 0.6కు తగ్గాయి. హెచ్చరికలు పోగొట్టుకున్నామన్నవాళ్లలో 43 శాతం మందికి వాటిని గుర్తించడం మెరుగుపడింది. రాత్రి నిద్రలో షుగరు పడిపోతుందేమోనని మేలుకుని కూర్చునే భార్యకో, తల్లికో ఈ అంకెల విలువ తెలుస్తుంది.

శుక్రవారం తర్వాతి కథ ఇంత సాఫీగా లేదు. లాటన్ బృందం మాట్లాడినవాళ్లలో చాలామందికి పూటపూటకూ యూనిట్లు మార్చుకోవడం పట్టుబడింది. కానీ పని వేళలు, బతుకు తీరు మారి పాత నిష్పత్తే సరిపోనప్పుడు దాన్ని సొంతంగా మార్చడానికి జంకారు. వేరే జబ్బుతో వార్డులో చేరితే, ఈ పద్ధతి తెలియని సిబ్బంది ఎదురయ్యేవారు. ఏడాది పొడవునా వాళ్లు కోరుకున్నది ఒక్కటే: తమ చీటీ చూసి, ఈ లెక్క తెలిసి, అడిగినప్పుడు బదులు పలికే నర్సు ఒకరు ఉండాలని.