రోజుకో ఫోటో

మా అమ్మ పోయినప్పుడు దండ వేయడానికి ఒక్క మంచి ఫోటో దొరకలేదు. ఎవరిదో పెళ్ళి గ్రూపు ఫోటోలో చివర నిలబడ్డ అమ్మని కత్తిరించి పెద్దది చేయించాం. జీవితమంతా వంటింట్లో తిరిగిన మనిషికి వంటింట్లో తీసిన ఫోటో ఒక్కటీ లేదు!

న్యూయార్క్‌లో జేమీ లివింగ్‌స్టన్ అనే ఆయన 1979 మార్చి 31 నుంచి 1997 అక్టోబరు 25న కన్నుమూసేదాకా రోజుకొక్క పోలరాయిడ్ ఫోటో తీశారు. స్నేహితులు, భోజనాలు, చివరికి ఆస్పత్రి రోజులు కూడా. అది చదివాక నేనూ మొదలుపెట్టాను. అత్తయ్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే ఒకటి, ఆరేసిన వడియాలు ఒకటి. రాత్రి హాస్టల్లో ఉన్న అమ్మాయికి పంపుతాను. మొదట్లో నవ్వింది. ఒకరోజు మర్చిపోతే, "అమ్మా, ఇవాళ మనిల్లేదీ?" అని ఫోను చేసింది!

మీరూ తీయండి. రోజుకొక్కటే చాలు. "ఇటు చూడండి, నవ్వండి" అనొద్దు. కిటికీ వెలుగు మీ వెనకనుంచి పడేలా నిలబడండి. పంపేటప్పుడు తేదీ, ఒక్క ముక్క రాయండి. ఫోను పాడైతే అన్నీ పోతాయి కనుక నెలకోసారి నచ్చినవి ప్రింటు వేయించండి.

అన్నట్టు, వారానికోసారైనా ఫోను ఇంకొకరి చేతికిచ్చి మీరూ ఫోటోలో ఉండండి. రేపు మన పిల్లలు మనని ఎక్కడినుంచో కత్తిరించుకోకూడదు కదా!