ప్లాస్టిక్ సీసాను విడదీయు ఎంజైములు

తెనాలి నడుమ పారు కాలువల గట్టున నిలిచి చూచినచో నీటి సీసాలును, పలుచని సంచులును కలిసి తేలిపోవుట కానవచ్చును. రేపల్లె మురుగుకాల్వలలోను, బాపట్ల చెంత సూర్యలంక ఇసుకపైనను ఆ చెత్తయే. చూచుటకు రెండును ప్లాస్టిక్కే యైనను, వాని స్వభావములు వేరు. ఆ భేదమునే నేడు శ్రోతలకు వివరింపదలచితిమి.

అన్నపు ముద్దను కొంతసేపు నమలినచో తియ్యనగును. లాలాజలమందలి ఎంజైము పిండిపదార్థపు పొడవైన గొలుసును తుంచి చక్కెరగా మార్చుటయే యిందుకు కారణము. ఎంజైమనగా జీవకణములు తయారుచేయు ఒక మాంసకృత్తు. ఏ తాళమునకు ఆ చెవియే పట్టునట్లు, ఒక్కొక్క ఎంజైము తనకు తగిన బంధమునే తెంపగలదు.

నీటి సీసా పదార్థమునకు 'పెట్' అని పేరు. పాలియెస్టరు చీర పోగును ఇదియే. టెరిఫ్తాలిక్ ఆమ్లము, ఇథిలీన్ గ్లైకాల్ అను రెండు ద్రవ్యములు ఎస్టరు బంధములచే గొలుసుగా కూర్పబడగా ఇది యేర్పడును. ఆకుల పైనుండు నిగనిగలాడు పొరయందును ఎస్టరు బంధములే కలవు. కావున ఆకుల ఎరువునందు దొరకిన ఒక ఎంజైము సీసాపైనను పనిచేసినది.

2016లో జపాను శాస్త్రజ్ఞులు సకాయి నగరమున దొరకిన ఒక బాక్టీరియా పలుచని పెట్ పొరను 30 డిగ్రీల వేడిమియందు సుమారు ఆరు వారములలో జీర్ణించుకొన్నదని ప్రకటించిరి. 2020లో ఫ్రాన్సు పరిశోధకులు ఆకుల ఎరువు ఎంజైమును మెరుగుపరచి, 72 డిగ్రీలయందు పది గంటలలో నూటికి 90 పాళ్లు పెట్‌ను విడదీసిరి. వచ్చిన ద్రవ్యములతో మరల క్రొత్త సీసాలు చేసిరి.

మరి సంచి మాట? పాలిథీన్ గొలుసునందు కర్బనము కర్బనమునే పట్టుకొనియుండును. ఎస్టరు బంధమే లేదు. ఈ చెవి ఆ తాళమునకు పట్టదు. దానిని ఇట్లు విడదీయు సాధనము కర్మాగారములకు ఇంకను చేతికందలేదు.

సీసా విషయమందును ఒక నియమము కలదు. ముందుగా దానిని కరిగించి, త్వరగా చల్లార్చి, పొడి చేసినగాని ఎంజైము చక్కగా పనిచేయదు. కాలువలో ఈ యేర్పాటు లేదు. సముద్రమున 72 డిగ్రీల వేడిమి లేదు. నీటిపాలైన సీసాను ఏ ఎంజైమును మనకు తిరిగి తెచ్చియీయదు.

కావున ఈ విద్యకు తొలిమెట్టు మన యింటనే యున్నది. అడుగున త్రికోణములో 1 అంకెగల సీసాను ఖాళీచేసి, వేరొక ప్లాస్టిక్‌తో చేసిన మూతను తీసి, విడిగా నుంచి పాతసామాను కొనువారికి ఇండు. సంచి విషయమందు మాత్రము అంగడికి గుడ్డసంచి తీసికొనిపోవుటయే నేటికి తగిన ఉపాయము.