సెన్సార్ మార్చినా చెక్ ఇంజిన్ లైట్ మళ్లీ ఎందుకొచ్చింది?

ఈ ఎపిసోడ్ మా రామన్నపేట నుంచే. వెనక కనబడుతున్నది మా నాన్న కారు, సెకండ్ హ్యాండ్ పెట్రోల్ బండి. మూడు నెలల్లో చెక్ ఇంజిన్ లైట్ మూడుసార్లు వెలిగింది. మూడుసార్లూ ఒకటే కోడ్, పి0135. రెండోసారి ఆక్సిజన్ సెన్సార్ కొత్తది వేయించాం. నాలుగు వేలు పోయినయ్. పది రోజులకే మళ్లీ లైట్. "ఇగ దీన్ని అమ్మేద్దాం బిడ్డా" అన్నాడు నాన్న.

ముందు కోడ్‌ని సరిగ్గా చదువుదాం. పి0135 అంటే సెన్సార్ పోయిందని కాదు. క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందుండే సెన్సార్ ఉంది కదా, దాని హీటర్ సర్క్యూట్‌లో తేడా ఉందని అర్థం. సర్క్యూట్ అంటే ఫ్యూజు, వైరు, కనెక్టర్, హీటర్, అన్నీ కలిపి.

సెన్సార్‌కి హీటర్ దేనికి అంటారా? అందులోని జిర్కోనియా సిరామిక్ దాదాపు 300 డిగ్రీలు దాటితేగానీ పని చేయదు. వేడెక్కాక, పొగలో ఆక్సిజన్ తక్కువుంటే 0.9 వోల్టుల దాకా, ఎక్కువుంటే 0.1 దగ్గర చూపిస్తుంది. అది చూసుకుంటూ ఈసీయూ బరువు లెక్కన 14.7 వంతుల గాలికి ఒక వంతు పెట్రోల్ వచ్చేలా సర్దుతుంటుంది. 1976లో బాష్ కంపెనీ చేసిన ఈ సెన్సార్ వోల్వో కార్లలో మొదట వచ్చినప్పుడు హీటర్ లేదు, పొగ వేడే దిక్కు. ఇప్పుడు హీటర్ పోతే బండి ఆగదు గానీ, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చాలాసేపు అంచనా మీదే పెట్రోల్ పోస్తుంది. మైలేజీ తగ్గేది అక్కడే.

ఇక నా తప్పు. ఆఫీసులో బగ్ వస్తే ముందు లాగ్ చూస్తాను. ఇక్కడ ఆ లాగ్ పేరు ఫ్రీజ్ ఫ్రేమ్: కోడ్ పడిన క్షణంలో స్పీడు, ఇంజిన్ వేడి ఎంతున్నాయో అందులో ఉంటుంది. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకు బ్లూటూత్ అడాప్టర్ పెడితే ఫోన్‌లోనే కనిపిస్తుంది. నేనేమో రెండుసార్లూ చూడకుండా క్లియర్ కొట్టేశా. క్లియర్ కొడితే అదీ పోతుంది! మూడోసారి ఆగి చూశా. స్పీడు 18, ఇంజిన్ బాగా వేడి మీదుంది. ఎక్కడ నడిపావని నాన్నను అడిగితే, పొలం బాట. గుంతలు.

అంటే కదిలితే తెగే వైరేదో ఉండాలి. ఇంజిన్ చల్లారాక కనెక్టర్ ఊడదీశా. మా బండిలో సెన్సార్ వైపు రెండు తెల్ల వైర్లు హీటర్‌వి. వాటికి ఎదురుగా బండి వైపున్న పిన్నుల్లో ఇగ్నిషన్ ఆన్‌లో మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు. (కొన్ని బండ్లలో ఇంజిన్ స్టార్ట్ చేస్తేనే వస్తుంది.) వైరు కదిపా, సున్నా! టేపు విప్పితే ఎలుక కొరికి రెండు మూడు పోగులే మిగిలినయ్. మేం కారు ఆపేది గడ్డివాము పక్కనే మరి.

మీకు వోల్టేజీ నిలకడగా వస్తుంటే, అప్పుడు సెన్సార్ హీటర్ ఓమ్స్ కొలవండి. మంచి హీటర్ కొన్ని ఓమ్స్ చూపిస్తుంది. అసలు కనెక్షనే లేనట్టు చూపిస్తే సెన్సార్ మార్చాల్సిందే. మా పాతదీ కొత్తదీ దాదాపు ఒకే రీడింగ్ ఇచ్చినయ్.

వైరు సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ వేసి, సైలెన్సర్ పైపుకు దూరంగా కట్టేశా. ఆరు వారాలు, అదే పొలం బాట, లైట్ రాలేదు. పాత సెన్సార్ డిక్కీలో స్పేర్‌గా తిరుగుతోంది. "కొత్తది వాపస్ తీస్కుంటరా?" అని నాన్న ఇంకా అడుగుతనే ఉన్నడు.