సముద్రాన్ని లెక్కగట్టే చదువు

చలికాలం చివర్లో విశాఖ తీరాన పొద్దున్నే నడిచేవాళ్ళకు, ఒడ్డున పడివున్న చచ్చిన తాబేళ్ళు కొత్త కాదు. అవి ఆలివ్ రిడ్లే జాతివి. "పాపం, ఎన్ని చచ్చిపోతున్నాయో!" అనుకుని ముందుకు సాగిపోతాం. ఎమ్మెస్సీ జువాలజీ చదివే రోజుల్లో నేనూ అంతే. ఆ "ఎన్ని" అన్న మాటకు జవాబు చెప్పడానికే ఒక శాస్త్రం ఉందనీ, అందులో పరిశోధనకు బోలెడు చోటుందనీ నాకు ఆలస్యంగా తెలిసింది. మన విద్యార్థులకు ఆ ఆలస్యం జరక్కూడదనే ఈ నాలుగు మాటలు.

ఒడ్డున పది కళేబరాలు కనబడితే చచ్చినవి పదేనా? కాదు. కొన్ని మునిగిపోతాయి, కొన్నిటిని ప్రవాహం ఎటో తీసుకుపోతుంది. ఒడ్డుకు చేరేది ఎన్నో వంతో గాలినీ ప్రవాహాన్నీ బట్టి అంచనా కడితేనే అసలు సంఖ్య దొరుకుతుంది. బతికున్నవాటి సంగతి మరీ కష్టం. ఆడ తాబేలు గుడ్లు పెట్టేందుకు మాత్రం ఒడ్డెక్కుతుంది. మగది దాదాపు రానే రాదు.

కంటికి కనబడనివాటిని లెక్కించడానికి ఒక పాత ఉపాయం ఉంది. 19వ శతాబ్దం చివర్లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పీటర్సన్ చేపలకు గుర్తులు కట్టి వదిలాడు. ఆయన పేరు మీదే ఈ పద్ధతి నిలిచింది. ఉదాహరణకు 200 చేపలకు గుర్తుపెట్టి వదిలామనుకుందాం. తర్వాత 150 పడితే, వాటిలో గుర్తున్నవి 10. అంటే పదిహేనో వంతు. కనుక మొత్తం చేపలు 200కు పదిహేను రెట్లు, సుమారు 3,000. హైస్కూలు లెక్కే! కానీ గుర్తులు ఊడిపోతే? కొన్ని చేపలు వలసపోతే? అక్కడే సంభావ్యతా శాస్త్రం, కంప్యూటరు అవసరమవుతాయి.

లెక్క తప్పితే నష్టం ఎవరికి? చావుల్ని తక్కువ చేసి చెబితే తాబేలుకు, ఎక్కువ చేసి చెబితే జాలరికి. మన రాష్ట్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. అది ప్రధానంగా చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం. తాబేళ్ళు గుడ్లు పెట్టేది చాలామటుకు అంతకుముందే. మరి తాబేళ్ళ కోసం వేట ఎక్కడ, ఎన్నాళ్ళు ఆపితే చాలు? ట్రాలు వలలో తాబేలు బయటపడేందుకు చట్రం బిగిస్తే రొయ్య ఎంత జారిపోతుంది? ఒక్కరోజు ఎక్కువ ఆపినా జాలరి ఇంట్లో పొయ్యి మీద ఆ దెబ్బ పడుతుంది. అందుకే ఊహలు చాలవు, అంకెలు కావాలి.

ఇది జువాలజీ వాళ్ళకే పరిమితమనుకుంటే పొరపాటు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చదివిన సి.ఆర్.రావు గారు, అంచనాలో దోషం ఏ హద్దు దాటి తగ్గదో 1945లోనే చూపించారు. ఈ రంగంలో వేసే అంచనాలకు ఆ సిద్ధాంతం ఒక పునాది. కాబట్టి లెక్కల విద్యార్థులు సముద్రం వైపు, జువాలజీ విద్యార్థులు లెక్కల వైపు ఒక్క అడుగు వేయాలి.

దారులు దగ్గర్లోనే ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవవనరుల శాఖ ఉంది. విశాఖలోనే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకూ, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకూ ప్రాంతీయ కేంద్రాలున్నాయి. హైదరాబాదులో ఇన్‌కాయిస్, బెంగుళూరు ఐ.ఐ.ఎస్.సి.లో పర్యావరణ శాస్త్రాల కేంద్రం, డెహ్రాడూన్‌లో వన్యప్రాణి సంస్థ ఉన్నాయి. సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ పరీక్షను జీవశాస్త్రాల్లో రాయొచ్చు, గణితశాస్త్రాల్లోనూ రాయొచ్చు. అందులో జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 సవరణ ప్రకారం మొదట్లో నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్.

ఈలోగా రెండు పనులు చేయండి. 'ఆర్' అనే కంప్యూటరు భాష ఉచితంగా దొరుకుతుంది, నేర్చుకోండి. వేట ముగించుకుని వచ్చిన జాలరి పక్కన కాసేపు కూర్చుని, ఏ నెలలో ఏ లోతున తాబేలు కనబడుతుందో అడగండి. మన లెక్కకు మొదటి అంకె చాలాసార్లు ఆయన నోటినుంచే వస్తుంది.