హిమత్రము : ఒక పారిభాషిక పద విచారము

జీవకణములను గడ్డకట్టించి చిరకాలము భద్రపఱచుటకు తోడ్పడు ద్రవ్యములను ఆంగ్లమున క్రయోప్రొటెక్టెంట్లందురు. వీనిని ‘హిమరక్షకము’లని తెనిగించుట సులభము. కాని గోరక్షకుడనగా గోవును రక్షించువాడు. ఆ వరుసను హిమరక్షకము మంచును కాపాడునది కావలసివచ్చును. ఈ ద్రవ్యము దేనిని, దేనినుండి కాపాడుచున్నదో తెలిసినగాని తగిన పేరు కుదురదు.

కణమును చంపునది చలియేయని సామాన్యముగా తలంతురు. అది పూర్తిగా నిజము కాదు. ద్రవనత్రజనిలో, అనగా -196 సెంటిగ్రేడు డిగ్రీలవద్ద, రసాయనచర్యలు దాదాపు నిలిచిపోవును. అచ్చటికి క్షేమముగా చేరిన కణము ఏండ్లతరబడి చెడక నిలువగలదు. ప్రమాదమంతయు త్రోవలోనే కలదు. మెల్లగా చల్లార్చినచో మొదట కణము వెలుపలి నీరు గడ్డకట్టును. మంచుస్ఫటికమున ఉప్పునకు చోటు లేదు గనుక మిగిలిన నీటిలో లవణము గాఢమగును. అది కణములోని నీటిని వెలుపలికి లాగగా కణము కృశించి, దాని పొర చెడును. మిక్కిలి వేగముగా చల్లార్చినచో నీరు వెలువడుటకు వ్యవధి చాలక కణములోపలనే మంచు ఏర్పడును.

దీనికి ఉపాయమును లండనులోని మిల్ హిల్ పరిశోధనాలయమున పోల్జ్, స్మిత్, పార్క్స్ అనువారు 1949లో ప్రకటించిరి. చక్కెర ద్రావణమనుకొని వాడిన ఒక సీసాలోని ద్రవమువలన కోడిపుంజు వీర్యకణములు -79 డిగ్రీల చలికి తాళి బ్రతికినవి. పరీక్షింపగా అందు చక్కెర లేదు; గ్లిసరిను, అల్బుమిను ఉన్నవి. సీసాలపై చీటీలు తారుమారైనవని భావించిరి. గ్లిసరిను నీటితో కలిసి కణములోనికిని చొచ్చును. అది ఉన్నచోట అదే చలికి తక్కువ మంచు ఏర్పడును. కావున ఉప్పు అంతగా గాఢము కాదు. ఈ కారణమును 1953లో లవ్‌లాక్ వివరించెను. 1959లో లవ్‌లాక్, బిషప్‌లు డైమిథైల్ సల్ఫాక్సైడునకును ఇట్టి గుణము కలదని చూపిరి.

నేడు తీవ్రచికిత్సచే మజ్జ నశించిన క్యాన్సరు రోగికి తిరిగి ఎక్కింపదలచిన రక్తమూలకణములను, సాధారణముగా నూటికి 10 పాళ్ల డైమిథైల్ సల్ఫాక్సైడు చేర్చి భద్రపఱతురు. ఆ కణములు నశించినచో రోగి ప్రాణమునకే ముప్పు. అయినను ఈ ద్రవ్యము మితిమీరినను, వెచ్చని తావున ఎక్కువసేపు ఉన్నను కణములకు తానే విషమగును. అందుచే దానిని చల్లగా కలిపి, పిమ్మట కణములను నిముసమునకు సుమారు 1 డిగ్రీ వంతున చల్లార్తురు. కరగించుట మాత్రము త్వరగా జరుపుదురు.

ఇక పదము. రక్షణార్థక ధాతువుల యెడ భయహేతువు అపాదానమగునని పాణిని విధించెను. ఎండనుండి కాపాడునది ‘ఆతపత్రము’. ఆ మార్గమున ‘హిమత్రము’ అనుట యుక్తము. ‘శీతత్రము’ అనరాదు, చలి ఇచ్చట శత్రువు కాదు, భద్రపఱచునదే అది. లవణము గాఢమగుటకును మంచే మూలము గనుక ‘హిమ’ శబ్దము రెండు అపాయములను సూచింపగలదు. ద్రవ్యముయొక్క విషస్వభావమును మాత్రము ఏ పేరును చెప్పజాలదు. దానిని నిర్వచనమున చేర్చుట కోశకర్తల విధి.