పెడన అద్దకము - అంతర్జాల విక్రయము

అమ్మకము పెరిగినచో ఉత్పత్తి పెరుగుననియు, ఉత్పత్తి పెరిగినచో పనివాని బ్రదుకు బాగుపడుననియు లోకమున నొక నమ్మకము గలదు. అంగడి మెట్టు ఎక్కకయే సెల్‌ఫోనునందు బొమ్మ చూచి బట్ట కొనుచున్న కాలమిది. కావున చేతిపనులవారందరును అంతర్జాలమున తమ సరకు నమ్ముకొనవలయునని ప్రభుత్వమువారును, వర్తకసంస్థలవారును బోధించుచున్నారు. ఫ్లిప్‌కార్టు సంస్థ 2019లో ఇందులకై 'సమర్థ్' అను ప్రత్యేకపు టేర్పాటును గావించెను. ఈ బోధనయందు సత్యము లేకపోలేదు. కాని అమ్మకము వేఱు, ఉత్పాదకత వేఱు. ఒక పనివాని యొక దినపు శ్రమకు ఎంత మేలిసరకు తయారగునో అదియే ఉత్పాదకత. మొదటిది పెరిగినను రెండవది తరుగవచ్చును. పెడన అద్దకపు శాలలను చూచినవారి కీ సంగతి తేటపడును.

గుడివాడనుండి బందరునకు పోవు రైలుదారిపై, బందరునకు చేరువలో నున్న పెడన కలంకారీకి పేరుపడినది. శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయుదురు. ఇచ్చట టేకు కొయ్యపై చెక్కిన అచ్చులతో అద్దుదురు. బట్టను ముందుగా ఉదికి, కరక్కాయరసమున పాలు కలిపి నానవేసి యెండబెట్టుదురు. ఇనుపతుక్కును బెల్లపునీట పులియబెట్టి నలుపును, పటికనీటిని ఆధారముగ గొని యెఱుపును సాధింతురు. అద్దిన బట్టను పారునీటిలో జాడించి, పెద్దకాగులలో రంగుదినుసులతో ఉడికించి, మరల నెండబెట్టుదురు. దానిమ్మతొక్క పసుపునకును, నీలిమందు నీలమునకును పనికివచ్చును. ఒక బట్ట చేతికివచ్చుటకు దినములు గడువవలసినదే. వాన పట్టినచో ఎండ యుండదు. వేసవిలో కాలువలు కట్టివేసినచో పారునీరుండదు. రెండు దినములలో సరకు పంపవలయునని కొనుగోలుదారుడు కోరినను, ఎండయు నీరును అతని యాజ్ఞకు లోబడవు.

ఇక లాభమెచ్చట? పెట్టుబడిదారుడు బయానా యిచ్చి యొకే నమూనాను వందలకొలది గజములు అద్దించుకొనుట వెనుకటి పద్ధతి. అతడు పని యీయని నాళ్ల అచ్చులు మూలబడును. పనివాడు చేతులు ముడుచుకొని కూర్చుండును. దూరదేశపు కొనుగోలుదారుడు నేరుగా వచ్చినచో ఈ ఖాళీదినములు తగ్గును. ఏ నమూనా నడుచునో, ఏది నిలిచిపోవునో యజమానికి వెంటనే తెలియును. దళారికి పోవు సొమ్ములో కొంత మిగిలినచో క్రొత్త అచ్చులు చెక్కించుకొనవచ్చును. ఇవి యెల్ల ఉత్పాదకతను పెంచునవియే.

నష్టమును కూడ చూతము. ఒక కాగున నూరు గజములు ఉడుకుననుకొందము. పదిగజములకే కాగు పెట్టినను, కట్టెలును మనుష్యుల శ్రమయు ఇంచుమించు అంతయే యగును. అంతర్జాలమున వచ్చు కోరికలు తఱచుగా ఒక చీర, ఒక దుప్పటి చొప్పున వచ్చును. వచ్చినదానిని వచ్చినట్లు అద్దబూనినచో, అచ్చులు మార్చుటయందును కాగులు కడుగుటయందును దినమంతయు గడచిపోవును. సహజమైన రంగు ఒక కాగునకును వేఱొక కాగునకును కొంత భేదించును. బొమ్మలోని రంగు రాలేదని బట్టను త్రిప్పిపంపువారు కొందఱు. శాల పెద్ద పటములు తీయుటకును, పొట్లములు కట్టుటకును కూర్చున్నచో అద్దకమును చూచువారెవరు? అమ్మకపు లెక్క పెరుగును. మనిషికి వచ్చు ఫలితము తరుగును.

దీనికి తోడు నకలు సరకు పీడ యొకటి. యంత్రముతో అచ్చొత్తిన బట్టయు, చేతితో అద్దిన బట్టయు పటమునం దొక్కతీరుగ గన్పించును. తాకి చూచు వీలు లేని విపణిలో చౌకసరకే గెలుచును. ఆ ధరతో పోటీపడబోయి కరక్కాయను మాని, ఉతుకులను తగ్గించుకొన్న శాలకు గజముల లెక్క పెరుగును గాని పేరు పోవును. దానిని ఉత్పాదకత యనుట మాకు సమ్మతము కాదు.

దూరపు విపణి ఈ సీమకు క్రొత్తది కాదు. ఆంగ్లేయ వర్తకులు 1611లో బందరున కోఠీ పెట్టిరి. డచ్చివారు అంతకుముందే వచ్చియుండిరి. ఈ తీరపు అద్దకపుబట్టలు పారసీకమునకును ఐరోపాకును ఓడలపై పోయెను. వర్తకులు బయానాలు చల్లిరి; పని పెరిగెను; దానితోపాటు పనివాని అప్పును పెరిగెను. 1700లోను, 1721లోను ఇంగ్లండు పార్లమెంటు చేసిన శాసనములు అద్దకపు బట్టల వాడుకను ఆ దేశమున చాలవఱకు నిషేధించెను. తాను చూడని విపణిపైననే ఆధారపడినవాని గతి ఎట్లుండునో దీనివలన తెలియుచున్నది. నేటి అంతర్జాల సంస్థలు శాసనము చేయ నక్కఱలేదు. తమ పట్టికలో ఒక శాల పేరును క్రిందికి దింపిన చాలును.

అయినను విపణిని విడిచి కూర్చుండుమని మేము చెప్పము. దానిని మన పనికి తగినట్లు మలచుకొనవలయునందుము. అమ్ముపని వేఱు, అద్దుపని వేఱు కావలయును. పది శాలలవారు కలిసి సహకారపద్ధతిని ఒక ఉమ్మడి విక్రయశాలను పెట్టుకొని, చదువుకొన్న యువకులను దానికి నియమింపవలయును. వారము వారము వచ్చిన కోరికలను ఒకచోట జేర్చి, ఒక రంగువానిని ఒక కాగునకే పంపినచో, చిల్లర కోరికలే టోకుపనియగును. సరకునకు పట్టు గడువును, రంగులోని సహజభేదమును ముందే స్పష్టముగ ప్రకటించినచో త్రిప్పిపంపుటలు తగ్గును. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టమును ఆధారము చేసికొని, మచిలీపట్టణపు కలంకారీ పేరును దొంగిలించువారిపై ఫిర్యాదు చేయుట ఆ ఉమ్మడిశాలకే సాధ్యము. ఒంటిశాలకు సాధ్యము కాదు.

పన్నుల విషయమున ప్రభుత్వము చేయవలసినది కొంత గలదు. 2023 అక్టోబరు 1 నుండి, అంతర్జాలమున అమ్ము చిన్న వర్తకులకు జి.ఎస్.టి. నమోదునుండి సడలింపు వచ్చెను. కాని అది రాష్ట్రము లోపలి యమ్మకములకే వర్తించునట్లు ఏర్పరుపబడెను. 2014 విభజనకు పిమ్మట హైదరాబాదు మనకు పరరాష్ట్రము. పెడన చీర భాగ్యనగరమునకు పోవుటయు పొరుగురాష్ట్రపు వర్తకమే! ఇట్టి చిన్న శాలలకు ఈ హద్దు తగదు.

చదువరులలో భూస్వాములును, పట్టణ గృహస్థులును కలరు. ఆరబెట్టుటకు వానకు తడవని పెద్ద పందిరియు, కాలువ లేని నాళ్లకు జాడించు తొట్లును పెడనకు సమకూర్చినచో, వట్టిగ పోవు దినములు పనిదినములగును. ఇట్టి పెట్టుబడి దానము కాదు. న్యాయమైన వడ్డీ వచ్చు వ్యాపారమే. పట్టణపువారు చేయవలసినది ఇంకను సులభము: చేతి అద్దకమును కోరినపుడు పదిదినము లోర్చుకొనుడు. మీ తొందర పనివాని కాగును ఖాళీగ ఉడికించును. మీ యోర్పు దానిని నింపును.